విప్పడానికి కుట్టిన పార్సిలు

మౌంట్ ఆల్బర్ట్, ఆక్లండ్, న్యూజిలాండ్
జూన్ 2006

మేరక్కకి,

తమ్ముడు జకరయ్య రాస్తున్నాను. బతికే ఉన్నాను. నీకు ఫోనులో వినపడదు, నాకు ఫోనులో అరవడం నచ్చదు. ఇదే మేలు. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. నువ్వు బడికి పోయిన రోజుల్లో నేను గోడ దూకానని నీకు తెలుసు.

ఇక్కడ చలి, వాన. అమ్మాయి జోసఫిన్ ముసలివాళ్ళ హోములో నర్సు గదా. రోజంతా అక్కడి ముసలివాళ్ళకి తినిపించి, మందులేసి, కబుర్లు చెప్పి వస్తుంది. ఇంటికొచ్చేసరికి ఈ ముసలివాడి దగ్గర కూర్చునే ఓపిక మిగలదు. తప్పు పట్టడం లేదు. అల్లుడు ఫ్రెడ్రిక్‌కి గోడౌనులో పని. మనవరాలు రీటాకి బడి. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం ఎదురుపడితే "ఓకే" అనుకుంటాం. పగలంతా ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ. దానిదే పెద్ద గొంతు.

మొన్న చర్చి అయ్యాక ఒకళ్ళింట్లో పుట్టినరోజుకి పోయాం. అక్కడ ఒక ఆట ఆడారు. పేరు పాస్ ద పార్సిల్. పిల్లలూ పెద్దలూ గుండ్రంగా కూర్చుంటారు. ఒక పార్సిలు చేతులు మారుతూ పోతుంది. పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒక పొర విప్పాలి. పొరలో ఒక చాక్లెటో పెన్నో ఉంటుంది. మళ్ళీ పాట. ఆఖరి పొర విప్పినవాళ్ళకి అసలు బహుమానం.

ఆ పార్సిలు చూసి నాకు ఒళ్ళు మండింది. పాత పేపరు చుట్టి టేపు అంటించారు. అడ్రసు లేదు, ముడి లేదు. తెనాలి పెద్ద పోస్టాఫీసు మెట్ల పక్కన కూర్చుని జీవితమంతా పార్సిళ్ళు కుట్టినవాణ్ణి నేను. నేను కుట్టింది దారిలో ఊడిపోయిందని ఒక్కరు వచ్చి చెప్పలేదు.

కారులో వస్తూ చెప్పేశాను. "సెప్టెంబరులో రీటాకి పదహారేళ్ళు. ఆ పండగకి పార్సిలు నేను కడతా."

"ఎందుకు మామయ్యగారూ, పేపరు చుడితే అయిపోద్ది. అయిదు నిమిషాల పని" అన్నాడు ఫ్రెడ్రిక్.

"నీకు అయిదు నిమిషాల పని. నాకు కాదు" అన్నాను.

రీటా చెవుల్లో పాటలు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. విన్నదో లేదో.

నా ఇత్తడి ముద్ర నా దగ్గరే ఉంది. నువ్వు మార్కీను గుడ్డ, మైనం పట్టిన దారం, ఒక దబ్బనం, నాలుగు లక్క కడ్డీలు పంపు. ఇక్కడి కొట్లలో అడిగితే వింతగా చూస్తున్నారు.

ఇంకో మాట. జోసఫిన్ నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటోంది. నేను ఏమీ చెప్పలేదు. క్రిస్మస్ అయ్యాక వచ్చేద్దామని ఉంది. నీ వెనక గది ఖాళీయేనా?

జకరయ్య


తెనాలి
జూలై 2006

ఒరే జకరయ్యా,

నీ ఉత్తరం అందింది. నిన్ను కట్టమని ఎవరడిగారురా? అడక్కుండా ఎగబడటం నీకు చిన్నప్పటినుంచీ ఉంది. మా పెళ్ళిలో పందిరి నువ్వే వేస్తానని, మీ బావ నెత్తిన కూల్చావు. ఆయన పోయేదాకా ఆ సంగతి చెబుతూనే ఉన్నాడు.

నువ్వడిగినవన్నీ పంపుతున్నాను. గుడ్డకి పురుగు పట్టకుండా వేపాకు వేశాను. పోస్టాఫీసు మెట్ల దగ్గర ఇప్పుడెవరూ కుట్టడం లేదు, అట్టపెట్టెలు అమ్ముతున్నారు. నేనే కుట్టుకున్నాను. నీ అంత గొప్పగా రాలేదు. తిట్టకు.

వెనక గది ఖాళీయే. ఎవరుంటారు అందులో?

లోపల ఏం పెడతావో రాయలేదు. చాక్లెట్టు కోసం లక్క పంపమనేంత పిచ్చివాడివి కాదు నువ్వు.

మేరమ్మ


మౌంట్ ఆల్బర్ట్
ఆగస్టు 2006

మేరక్కకి,

నీ పార్సిలు చేరింది. విప్పి చేరింది! ఇక్కడి తనిఖీవాళ్ళు కోసి, వేపాకు తీసేసుకుని, పచ్చ టేపు అంటించి పంపారు. ఆకు, గింజ, మట్టి ఈ దేశంలోకి రానివ్వరంట. తీసుకుంటే తీసుకున్నారు, కుట్టు విప్పడం కూడా రాదా? అడ్డంగా కోశారు. గుడ్డ మాత్రం పాడవలేదు. నీ కుట్టు చూశాను. ఎడంగా ఉంది. అంతకంటే ఏమీ అనను.

గ్యారేజీలో కూర్చుని కుడుతున్నాను. శాండ్రింగ్‌హామ్ దాకా నడిచిపోయి మనవాళ్ళ కొట్లో పల్లీపట్టీలు, చాక్లెట్లు, రంగు పెన్నులు కొన్నాను. పొరకొకటి. ప్రతి పొరా దగ్గర కుట్టు, అతుకు మీద లక్క, లక్క మీద ముద్ర. చూడటానికి ఎంత బాగుందో. చేతిలో పట్టుకుంటే ఇటికలా ఉంది.

లోపల ఏముందని అడిగావు. నీ ఒక్కదానికే చెబుతున్నాను. నీ మరదలు సత్యమ్మ రాళ్ళ కమ్మలు. పోయేముందు నా చేతిలో పెట్టి, "ఇవి కూతురికి కాదు, దాని పిల్లకి" అంది. అప్పటికి రీటాని ఒక్కసారే ఎత్తుకుంది. ఇక్కడికొచ్చిన కాడినుంచీ ఇద్దామని చూస్తున్నాను. ఎప్పుడివ్వాలి? అది బడికి పోయేటప్పుడా, చెవుల్లో పాటలు పెట్టుకున్నప్పుడా?

ఫ్రెడ్రిక్‌కి చెప్పి ఉంచాను. పాట ఆపేవాడు అతనే. ఆఖరి పొర రీటా చేతిలో ఉన్నప్పుడు ఆపాలి. లోపలేముందో అతనికీ చెప్పలేదు.

అది కమ్మలు పెట్టుకున్నాక నాకిక్కడ పనేముంది? వచ్చేస్తాను.

జకరయ్య


తెనాలి
సెప్టెంబరు 2006

ఒరే జకరయ్యా,

కమ్మలు చేతికివ్వడానికి ఇంత ఆర్భాటం దేనికిరా? పిల్లని పిలిచి, "ఇవి మీ అమ్మమ్మవి" అని చేతిలో పెట్టు. ఆడపిల్లకి కమ్మలివ్వడానికి ముద్రలూ లక్కా కావాలా?

గదికి సున్నం వేయించాను. గోడకి చెమ్మ ఉండేది, అదీ బాగు చేయించాను. మంచం కిటికీ వైపు జరిపాను, నీకు గాలి కావాలి గదా. పక్కింటి శకుంతల అడిగింది ఎవరొస్తున్నారని. మా తమ్ముడు అన్నాను. ఊరంతా చెప్పొచ్చింది.

మేరమ్మ


మౌంట్ ఆల్బర్ట్
సెప్టెంబరు 2006

మేరక్కకి,

చేతికిస్తే ఏమవుద్దో నాకు తెలుసు. "థాంక్యూ తాతా" అని సొరుగులో పడేస్తుంది. ఇచ్చింది ఇచ్చినవాడిది. గెలుచుకుంటే అది దానిది. అందుకే ఆట.

పుట్టినరోజు అయిపోయింది. బాగా జరిగింది. కేకు బాగుంది. దాని స్నేహితులు చాలామంది వచ్చారు.

వాన తగ్గింది.

జకరయ్య


తెనాలి
అక్టోబరు 2006

ఒరే,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? పార్సిలు ఎవరు విప్పారు? కమ్మలు ఎలా ఉన్నాయి పిల్లకి? ఫోటో ఏది? నీ కుట్టు చూసి వాళ్ళంతా ఏమన్నారో ఒక కాగితం నిండా రాయనివాడివి నువ్వు కాదు.

కేకు బాగుందంట. నీకు తీపి పడదని డాక్టరు చెప్పి ఎన్నాళ్ళయింది?

నిజం రాయి.

మేరమ్మ


మౌంట్ ఆల్బర్ట్
అక్టోబరు 2006

మేరక్కకి,

సరే, రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

హాలులో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. రీటా స్నేహితులు, చర్చి పిల్లలు, పెద్దవాళ్ళు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పార్సిలు తెచ్చి మధ్యలో పెట్టాను. అందరూ "ఓ" అన్నారు. ముద్ర మీద వేలు పెట్టి చూశారు. ఆ ఒక్క నిమిషం నా ఛాతీ ఎంత ఉబ్బిందో నీకు చెప్పలేను.

పాట పెట్టారు, ఆపారు. పొడుగు జుట్టు పిల్ల ఒకతి చేతిలో ఆగింది. విప్పబోయింది. రాలేదు. గోళ్ళతో గీకింది. గోరు విరిగింది. పక్క పిల్ల పట్టుకుని లాగింది. పళ్ళతో కొరికారు. లక్క ముక్కలు తివాచీ మీద రాలాయి గానీ కుట్టు ఒక్కటీ జారలేదు. ఎలా జారుద్ది? నేను కుట్టింది.

ఒక పొడుగాటి కుర్రాడు వంటింట్లోంచి కత్తి తెచ్చాడు. నేను లేచి, "కత్తి పెట్టొద్దు!" అని అరిచాను. పోస్టాఫీసు మెట్ల దగ్గర అరిచినట్టే అరిచాను. అందరూ నన్నే చూశారు.

రీటా మొహం ఎర్రబడింది. వాళ్ళమ్మతో ఇంగ్లీషులో ఏదో అంది. నాకు ఇంగ్లీషు రాదు. అదేమందో మాత్రం అర్థమైంది.

తర్వాత పిల్లలంతా వెనక పెరట్లోకి బంతాటకి పోయారు. పెద్దవాళ్ళు బిర్యానీ దగ్గరికి పోయారు. పార్సిలు హాలు మధ్యలో ఒక్కటే ఉంది. నేను తీసుకెళ్ళి నా మంచం కింద పెట్టాను. దాని పక్కనే కాసేపు కూర్చున్నాను. జోసఫిన్ వచ్చి, "పర్లేదులే నాన్నా, ఆటే గదా" అంది. ఆటే. నేనేమన్నాను?

అక్కా, నా కుట్టు గట్టిది, అది నా తప్పు కాదు. పార్సిలు ఊడిపోకూడదు, అదే నా పని. విప్పాలని చూసినవాళ్ళది తప్పు.

క్రిస్మస్ దాకా ఆగను. ముందే వచ్చేస్తాను. గది తాళం తీసి ఉంచు.

జకరయ్య


తెనాలి
నవంబరు 2006

ఒరే జకరయ్యా,

చింపలేదు. రెండుసార్లు చదివాను.

తప్పు నీదే. ఊరు దాటే పార్సిలు కుట్టావు. అది హాలు దాటక్కర్లేదు గదా. పక్కనున్న పిల్ల ఒళ్ళోకి పోతే చాలు.

నేను మిల్లులో గోతాలు కుట్టిన సంగతి మర్చిపోయావా? నువ్వు ఎప్పుడూ ఎగతాళి చేసేవాడివి, "అదీ ఒక కుట్టేనా, లాగితే ఊడొచ్చేది" అని. ఊడి రావడానికే కుట్టేది. కొన్నవాడు బియ్యం తీసుకోవద్దా?

గొలుసు కుట్టు వెయ్యి. దబ్బనం గుచ్చి దారం ఉచ్చులాగా పైకి తియ్యి. ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు. దాంట్లోంచి ఇంకోటి. చివరికొచ్చాక దారం కొస ఆఖరి ఉచ్చులో దూర్చి, బిగించకుండా వదిలెయ్యి. ఎవరైనా ఆ కొసని వెనక్కి తీసి లాగితే బరబరమని మొత్తం ఊడిపోద్ది. చిన్నపిల్ల కూడా విప్పుతుంది. లక్క వద్దు. ముద్ర వద్దు.

నీ పొరలన్నీ విప్పుకుని మళ్ళీ కుట్టు. చేతులు నొప్పెడితే నెమ్మదిగా కుట్టు. అక్కడ తొందరేముంది నీకు.

మేరమ్మ


మౌంట్ ఆల్బర్ట్
డిసెంబరు 2006

మేరక్కకి,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు పార్సిలు బయటికి తీశాను. నా కుట్టు నేను విప్పుకోవడానికి ఒక పూట పట్టింది. కత్తెరే పెట్టాను. ఎవరూ చూడలేదు.

గ్యారేజీలో నీ గొలుసు కుట్టు వేస్తున్నాను. బడి సెలవులిచ్చారు. ఇక్కడ క్రిస్మస్‌కి ఎండాకాలం, అయినా మొన్నొక రోజు ముసురు పట్టింది. ఇంట్లో నేనూ రీటా. అది గ్యారేజీ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. చెవుల్లో ఏమీ లేవు. సగం ఇంగ్లీషు, సగం సైగలు, మధ్యలో తెలుగు ముక్కలు; నాకర్థమైనట్టు రాస్తున్నాను.

"తాతా, అది సేమ్ పార్సిలా?"

"అదే."

"లోపల ఏముంది?"

"గెలిచినవాళ్ళకి తెలుస్తుంది."

"మరి ఎవరూ గెలవలేదు కదా."

"మీరు బంతాటకి పోయారు."

కుట్టు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, "సరే, ఆడదాం" అంది.

"ఇద్దరితో ఆటేంటి?"

"ఇద్దరమే ఉన్నాం కదా తాతా."

పాట ఎవరాపాలి అంటే వంటింట్లోంచి గుడ్లు ఉడికే టైముకి మోగే గంట తెచ్చింది. కళ్ళు మూసుకుని తిప్పి, సోఫా వెనక పెట్టింది. ఎప్పుడు మోగుద్దో దానికీ తెలీదు, నాకూ తెలీదు. పాటలు పెట్టింది. తివాచీ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, గోడకి ఆనుకున్నాను.

మొదటి పొర దాని చేతిలో ఆగింది. "కొస వెనక్కి తీసి లాగు" అన్నాను. లాగింది. బరబరమని మొత్తం ఊడొచ్చింది. అది కిచకిచమని నవ్వింది! అంత నవ్వు ఈ ఇంట్లో నేను వినలేదు. పల్లీపట్టీ నోట్లో వేసుకుని మళ్ళీ గంట తిప్పింది.

నాకు ఆఖరి పొర దాని దగ్గరే ఆగాలి గదా. అందుకని పార్సిలు నా చేతికి రాగానే దాని మీదికి నెట్టేస్తున్నాను. అది కనిపెట్టేసింది. "తాతా, చీటింగ్! గెలవాలంటే పట్టుకోవాలి. నువ్వేంటి పారేస్తున్నావ్? నీకు గెలవడం ఇష్టం లేదా?"

"నాకెందుకు గెలుపు, ముసలివాణ్ణి."

"రూల్ అదే. అందరూ గెలవాలనే ఆడాలి."

పొరలన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. అక్కా, గంట మోగింది. నా చేతుల్లో.

"ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ తిప్పు" అన్నాను.

"రూల్స్ ఆర్ రూల్స్. విప్పు."

విప్పాను. నీ కుట్టు నా వేళ్ళకి కూడా ఇట్టే ఊడిపోయింది. సత్యమ్మ కమ్మలు నా అరచేతిలో పడ్డాయి. నా బహుమానం నాకే వచ్చింది. పాట మోగుతూనే ఉంది, రీటా ఆపేసింది.

"ఎవరివి తాతా?"

"మీ అమ్మమ్మవి. నీకిమ్మంది." చెయ్యి చాపాను. నువ్వు చెప్పినట్టే, ఉత్త చేతికి ఇచ్చాను. దీనికోసం ఇన్ని నెలలు కుట్టాను.

థాంక్యూ అనలేదు. తీసుకుని లోపలికి పోయింది. సొరుగు చప్పుడు కోసం చెవులు రిక్కించాను. చప్పుడు లేదు. పెట్టుకుని వచ్చింది. ఒకదానిలో ఒక రాయి లేదు, అది నాకూ తెలీదు. నా ఎదురుగా కూర్చుని, ఈసారి అంతా తెలుగులోనే, వెతుక్కుంటూ వెతుక్కుంటూ అడిగింది. "అమ్మమ్మ ఎలా ఉండేది?"

జోసఫిన్ డ్యూటీనుంచి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. రాత్రి అన్నం దగ్గర గొంతు పెగల్లేదు. బొంగురుపోయింది. అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

చర్చిలో పెద్దపిల్లల కూటానికి కూడా పార్సిలు కావాలంట. రీటా తనే కుడతానంటోంది, నేను పక్కన ఉండాలంట. దాని కుట్టు ఎడంగా ఉంది. నీది నయం.

అక్కా, ఈ మాట ముందు పేజీలో రాయలేక చివరికి రాస్తున్నాను. ఉండిపోతానని జోసఫిన్‌తో చెప్పాను.

జకరయ్య


తెనాలి
జనవరి 2007

జకరయ్యా,

ఉత్తరం అందింది. మంచిది. పిల్లకి కమ్మలు నప్పాయంటే సంతోషం.

గది గురించి బెంగ పెట్టుకోకు. ఎండుమిరపకాయలు పోశాను.

ఎండలు ఇంకా రాలేదు.

మేరమ్మ


మౌంట్ ఆల్బర్ట్
ఫిబ్రవరి 2007

మేరక్కకి,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా?

నీకు మిరపకాయల ఘాటు తగిలితే తుమ్ములు ఆగవు. బావ బతికున్నప్పుడు కారం కూడా బజారులో కొట్టించి తెచ్చేవాడు, ఇంట్లో దంచనిచ్చేవాడు కాదు. నువ్వు ఇంటి గదిలో మిరపకాయలు పోశావా? నేను "బాగా జరిగింది" అని రాస్తే పట్టుకున్నావు. నేను పట్టుకోలేననుకున్నావా?

గది ఖాళీగానే ఉంది. మంచం కిటికీ వైపే ఉంది. నువ్వు రోజూ ఊడుస్తున్నావు.

గోడలకి సున్నం వేయించి, నేను రాకుండా ఉండే కుట్టు నువ్వే నేర్పావు. నేర్పకపోతే నీ గదిలో ఉండేవాణ్ణి. అది నీకు తెలుసు. తెలిసీ విడమరిచి రాశావు, ఉచ్చులోంచి ఉచ్చు అని. నాకు ఏం రాయాలో తెలీడం లేదు. నాకు వచ్చింది కుట్టడమే.

అందుకని ఈ ఉత్తరంతో పార్సిలు పంపుతున్నాను. ఆకులు లేవు, లక్క లేదు. నీ గొలుసు కుట్టే. పైపొర మీద నీ అడ్రసు ఉంది. అది విప్పితే రీటా ఫోటో ఉంటుంది, కమ్మలతో. దాని కింద ఇంకో పొర. ఆ పొర మీద నా అడ్రసు ఉంది. నువ్వు దాన్ని విప్పకూడదు. నాకు పంపాలి. నేను విప్పుతాను. దాని కింది పొర మీద మళ్ళీ నీ అడ్రసు. నీకు పంపుతాను. అలా లోపలిదాకా. అడ్రసులన్నీ రీటా రాసింది. నీ పేరు తెలుగులో రాయడం నేర్పించుకుని మరీ రాసింది. వంకరగా ఉంటే నవ్వకు.

ఇద్దరితో ఆటేంటి అనకు. ఇద్దరమే ఉన్నాం గదా.

మధ్యలో ఏముందో చెప్పను. ఈ ఆటకి పాట లేదు, గంట లేదు. టపా పోయినంతకాలం పోతుంది. నీ చేతిలో ఆగిపోతే నాకు ఒక ముక్క రాయమని శకుంతలకి చెప్పి ఉంచు. నా చేతిలో ఆగిపోతే రీటా నీకు పంపుతుంది, చెప్పి ఉంచాను. ఆగేదాకా పట్టుకుని కూర్చోకు, పంపుతూ ఉండు.

కత్తెర పెట్టకు. కుడి వైపు కొస వెనక్కి తీసి లాగు.

జకరయ్య